ఏజెంటు ఏం చేసిందో ఎవరికీ అంతుపట్టకుండా లాగ్ రాయడం ఎలా?

మీ సాఫ్ట్‌వేర్ ఏజెంటు ఇవాళ కాకపోతే రేపు ఏదో ఒక తప్పు చేస్తుంది. ఆ తప్పు ఎక్కడ జరిగిందో, ఎందుకు జరిగిందో, ముఖ్యంగా ఎవరివల్ల జరిగిందో తలకిందులుగా తపస్సు చేసినా తేలకుండా ముందే జాగ్రత్తపడటం ఎలాగో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. లాగ్, అంటే జరిగినదంతా ప్రోగ్రాము వరుసగా రాసుకునే చిట్టా, రాయొద్దని నేననను. అలా అంటే ఆడిటర్లు ఊరుకోరు, పెద్ద కస్టమర్లు గడప తొక్కరు. రాయండి, గిగాబైట్లకొద్దీ రాయండి. అక్కరకు రాకుండా రాయండి. అందులోనే ఉంది పనితనమంతా.

ఏజెంటు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లోపలుండే లాంగ్వేజ్ మోడల్‌కి చేతులుండవు. అది మాటలు మాత్రమే పుట్టిస్తుంది. "ఫలానా టూల్‌ని ఫలానా వివరాలతో పిలువు" అని అది రాస్తే, మన ప్రోగ్రాము ఆ టూల్‌ని నిజంగా పిలిచి, వచ్చిన జవాబుని తెచ్చి దాని ముందు పెడుతుంది. అది చూసుకుని తర్వాతి అడుగేమిటో తేల్చుకుంటుంది. డబ్బు చేతులు మారినా, బండి బయల్దేరినా, డేటాబేసులో వరుస చెరిగినా అంతా ఆ టూల్ కాల్ దగ్గరే. కాబట్టి మన ప్రతిభ చూపించాల్సింది కూడా అక్కడే.

ఉదాహరణకి ఒక ఊరు కావాలి. పళవేర్కాడు తీసుకుందాం. తమిళనాడులో తిరువళ్లూరు జిల్లా, పొన్నేరి తాలూకా. ఇంగ్లీషు మ్యాపుల్లో పులికాట్, మన పాతవాళ్ల నోట్లో ప్రళయకావేరి. అదే పేరున్న సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉన్నా, అది సముద్రంలో కలిసే ముఖద్వారం ఒకటి ఈ ఊరి పక్కనే ఉంది. ఇక్కడి పచ్చ ఎండ్రకాయలు ప్రాణంతోనే చెన్నై చేరి, అక్కణ్ణుంచి విమానమెక్కి సింగపూరు దాకా పోతాయి. అలాంటి సరుకు అందించే ఒక షావుకారుని ఊహించుకోండి. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు చూసుకోడానికి ఆయన ఒక ఏజెంటుని పెట్టించుకున్నాడు. సరుకెంతుందో చూడటానికి ఒక టూలు, ఆనాటి ధర చెప్పడానికి ఒకటి, వేట సమాచారానికి ఒకటి, వ్యాను బుక్ చేయడానికి ఒకటి, మెసేజ్ పంపడానికి ఒకటి. ఒక రాత్రి చెన్నై నుంచి 40 కిలోలకి ఆర్డరొచ్చింది. ఎండ్రకాయల పెద్ద కాళ్లకి తాళ్లు బిగించి, బుట్టల మీద తడి గోనెపట్టాలు కప్పి తెల్లారేసరికి సిద్ధం చేసి పెట్టారు. వాటి ముందు రెండు వ్యాన్లు వచ్చి ఆగాయి.

"ఏందన్నా, మమ్మల్ని రమ్మని వాణ్ణి గూడా రమ్మన్నావే?"

"నేను ఒక బండే గదప్పా చెప్పింది!"

లాగ్ తెరిస్తే అందులో ఉన్నది ఒకే ఒక వరుస: "23:42, వ్యాన్ బుకింగ్, సక్సెస్."

నేను కోరేది సరిగ్గా ఇదే. జరిగిందేమంటే, ఏజెంటు మొదటిసారి పిలిచినప్పుడు వ్యాన్ కంపెనీ సర్వరు బుకింగ్ తీసుకుంది గానీ జవాబివ్వడానికి నసిగింది. మన ప్రోగ్రాము 30 సెకన్లు ఆగి, ఓపిక నశించి, మళ్లీ పిలిచింది. రెండోసారి జవాబు టక్కున వచ్చింది. మంచి జవాబొచ్చాకే వరుస రాసే పద్ధతి పెట్టుకున్నాం గనుక మొదటి కాల్ ఆనవాళ్లు కూడా మిగల్లేదు. అలాకాక, కాల్ పంపేముందు ఒక వరుస, జవాబొచ్చాక ఇంకో వరుస, రెంటికీ ఒకే నంబరు అని చాదస్తం పెట్టుకున్నారనుకోండి, జత దొరకని వరుస ఒంటరిగా నిలబడి గుట్టంతా బయటపెట్టేస్తుంది. ఇంకా పైత్యం ముదిరినవాళ్లు ఆ నంబరుని వ్యాన్ కంపెనీకి కూడా పంపుతారు. అదే నంబరుతో మళ్లీ అడిగితే అవతలివాళ్లు ఇది ఇందాకటి బుకింగే అని గుర్తుపట్టి రెండో బండి పంపరు. ఇక మీరు డీబగ్ చేయడానికి ఏం మిగులుతుంది?

ఈ విషయంలో పళవేర్కాడుకి పొరుగు మంచిది కాదు. సరస్సుకీ సముద్రానికీ మధ్య అడ్డంగా పడుకున్న శ్రీహరికోట దీవి నుంచి 1971 అక్టోబరులో రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఎగిరింది. అప్పట్నుంచీ అక్కడివాళ్లకి ఒకటే పాడలవాటు. ఎగిరింది తిరిగి రాదని ముందే ఒప్పేసుకుని, అది ఎగురుతుండగానే పీడనం, వేగం, ఉష్ణోగ్రత, ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకుంది, లోపలి కంప్యూటర్ ఏ ఆజ్ఞ ఇచ్చింది, అన్నీ రేడియోలో కిందికి దింపుకుంటారు. కనుచూపు దాటాక అందుకోడానికి మారిషస్ దాకా స్టేషన్లున్నాయి. ప్రయోగమున్న రోజు పళవేర్కాడు జాలర్లని వేటకి పోవద్దంటారు. చూడటానికొచ్చినవాళ్లు గట్టున నిలబడి, ఆ వెలుగు చూసి, చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. దీవిలోవాళ్ల కళ్లు మాత్రం అంకెల మీదే ఉంటాయి. మీరు గట్టు మీది జనాన్ని ఆదర్శంగా తీసుకోండి.

తప్పు జరిగిందా, లాగ్ జోలికి పోకుండా ఏజెంటునే అడగండి. మహా మర్యాదస్తురాలు. "క్షమించండి, మొదటి బుకింగ్ ఖరారు కాలేదని భావించి..." అని కన్నీళ్లు తెప్పించే సంజాయిషీ రాసిస్తుంది. తను చేసింది గుర్తు తెచ్చుకుని చెబుతోందని మీరనుకుంటారు. అది మీ ప్రశ్నకి నప్పే జవాబుని అప్పటికప్పుడు అల్లుతోంది. అయితేనేం, లాగ్ కంటే చదవడానికి హాయిగా ఉంటుంది. 2025 జూలైలో అమెరికాలో రెప్లిట్ అనే సంస్థ కోడింగ్ ఏజెంటు, ఏ మార్పులూ చేయొద్దని కట్టడి చేసి ఉంచిన రోజుల్లోనే ఒక వినియోగదారుడి అసలు డేటాబేసుని చెరిపేసింది. అడిగితే, ఇక వెనక్కి తేవడం కుదరదని ఖాయంగా చెప్పింది. తర్వాత ప్రయత్నిస్తే కుదిరింది. ఆయన అనవసరంగా ప్రయత్నించాడు గానీ, ఏజెంటు మాట మీద గౌరవముంచి ఊరుకుంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు అసలు చిట్కా చెబుతాను, జాగ్రత్తగా వినండి. టూల్ ఏం చెప్పింది, దాన్ని ఏజెంటు ఏమనుకుంది, ఈ రెంటిలో ఏదో ఒకటే రాయండి. రెండూ రాశారో దొరికిపోతారు.

ఎలా దొరికిపోతారో ఆ దీవివాళ్లనే అడగండి. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎస్‌ఎల్‌వీ అనే రాకెట్టు మొదటిసారి ఎగిరింది. మూడు దశలూ మండాల్సినట్టే మండాయి. ఉపగ్రహాలు మాత్రం 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకి బదులు ఒక పక్క 356, ఇంకో పక్క 76 కిలోమీటర్ల ఎత్తుండే కక్ష్యలో పడ్డాయి. 76 కిలోమీటర్ల దగ్గర గాలి ఊరుకోదు, లాగేస్తుంది. రెండు ఉపగ్రహాలూ దక్కలేదు. ఎందుకిలా అయిందని వెతికారు. రెండో దశ విడిపోయేటప్పుడు కొద్దిసేపు అదురు ఎక్కువైంది. త్వరణం కొలిచే సెన్సార్లు ఆ అదురుని కొలిచి చెప్పాయి, పాపం వాటి పని అదే. ఆ అంకెలు చూసి రాకెట్టులోని సాఫ్ట్‌వేర్ సెన్సార్లు చెడిపోయాయని తీర్పిచ్చేసి, వాటిని పక్కన పడేసి, మిషన్‌ని ఎలాగోలా దక్కించుకోడానికి పెట్టిన ఆపద్ధర్మ మార్గంలోకి మళ్లిపోయింది. సెన్సార్లు శుభ్రంగా ఉన్నాయి. తీర్పే తప్పు.

దీన్ని మన పద్ధతిలో రాసి ఉంటే ఎలా ఉండేదో చూడండి. తీర్పు ఒక్కటే రాస్తే "సెన్సార్ ఫెయిల్" అన్న రెండు మాటలు మిగిలేవి. సెన్సార్లు చేసినవాళ్లని పిలిచి చీవాట్లు పెట్టి, కొత్తవి బిగించి, మళ్లీ అదే సాఫ్ట్‌వేర్‌తో ఎగరేసేవాళ్లు. సెన్సార్ల అంకెలు ఒక్కటే రాస్తే, అంకెలు అడ్డదిడ్డంగా ఉన్నాయి గనుక మళ్లీ చీవాట్లు వాళ్లకే. రెండూ పక్కపక్కన, ఏ క్షణానికి ఏది అన్న లెక్కతో సహా ఉండబట్టి తప్పు ఆ రెంటి మధ్య పట్టుబడింది. తీర్పు చెప్పే పద్ధతిని దిద్దారు. 2023 ఫిబ్రవరి 10న రెండోది నేరుగా వెళ్లి కక్ష్యలో కూర్చుంది.

షావుకారు ఏజెంటుకీ ఇదే సూత్రం వర్తిస్తుంది. సరుకెంతుందని టూల్‌ని అడిగితే, కాటా దగ్గరి నెట్ పోయి ఉండటంతో జవాబు ఖాళీగా వచ్చింది. మధ్యలో మనవాడెవడో రాసిన నాలుగు వరుసల కోడ్ ఆ ఖాళీని సున్నాగా మార్చి ఏజెంటుకి అందించింది. ఏజెంటు "ఈరోజు సరుకు లేదండీ" అని కస్టమరుకి మర్యాదగా చెప్పేసింది. అక్కడ బుట్టల నిండా ఎండ్రకాయలు గీరుకుంటున్నాయి. లాగ్‌లో "సరుకు లేదని తెలియజేశాను" అని మాత్రమే ఉంటే నెపం మోడల్ మీదికి పోతుంది. మోడళ్లు కట్టుకథలు చెబుతాయని పత్రికలన్నీ రాస్తూనే ఉన్నాయి గనుక అందరూ ఇట్టే నమ్ముతారు. టూల్ నుంచి బయల్దేరినప్పుడు జవాబు ఎలా ఉందో, ఏజెంటు చేతికి చేరినప్పుడు ఎలా ఉందో రెండు చోట్లా రాశారంటే నాలుగు వరుసల కోడ్ రాసినవాడు బయటపడతాడు. ఆ రాసినవాడు మీరే అయ్యే అవకాశం ఉంది, ఆలోచించుకోండి.

జవాబు పొడుగ్గా ఉంటే 200 అక్షరాల దగ్గర కోసెయ్యండి. వేట సమాచారం టూల్‌నే చూడండి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లిచ్చే అలల ఎత్తు, గాలి వేగం ముందు వచ్చి, రేపు రాకెట్టు ప్రయోగం ఉంది, పడవలు దించొద్దన్న మత్స్యశాఖ నోటీసు చివర్లో వచ్చేలా మీ ప్రోగ్రామరు దాన్ని కట్టాడనుకుందాం. ఏజెంటు రేపటికి 60 కిలోల సముద్రపు రొయ్యలు ఇస్తామని ఎవరికో మాటిచ్చేసింది. పడవ ఒక్కటీ దిగలేదు. ఏజెంటు నోటీసు చదివి కూడా పట్టించుకోలేదా, అసలు దానికి నోటీసే అందలేదా? మొదటిదైతే మోడల్‌కి మనమిచ్చే సూచనలు, అదే ప్రాంప్ట్, దిద్దాలి, రెండోదైతే టూల్ దిద్దాలి. లాగ్‌లో రెండు సందర్భాల్లోనూ జవాబు 200 దగ్గరే తెగిపోయి ఉంటుంది కాబట్టి ఏది దిద్దాలో చెప్పగల మొనగాడు పుట్టలేదు. పెద్ద జవాబుని విడిగా ఒక ఫైల్లో పూర్తిగా దాచి, లాగ్‌లో దాని చిరునామా మాత్రం రాసుకునే మార్గం ఒకటుంది గానీ, డిస్క్ ఖర్చవుతుంది. రొయ్యల ఆర్డరు పోతే పోయింది, డిస్క్ ముఖ్యం.

అన్నీ దాచడం దండగనిపిస్తే నూటికి ఒకటి దాచండి. ఆ ఒకటి కూడా సాఫీగా నడిచిందే అయ్యేలా చూసుకోండి. తప్పు జరిగినవి చదివితే మనసు పాడవుతుంది.

గడియారాల గురించి ఎక్కువ చెప్పను. వ్యాన్ కంపెనీ సర్వరు గ్రీనిచ్ టైములో, మీ సర్వరు మన టైములో, షావుకారు ఫోను దాని ఇష్టమొచ్చిన టైములో ఉండనివ్వండి. ఏది ఏ టైమో మాత్రం ఎక్కడా రాయకండి. అప్పుడు 23:42కి పిలిచిన టూల్ 18:12కే జవాబిచ్చినట్టు కనిపిస్తుంది, మీ ఏజెంటుకి దివ్యదృష్టి ఉందని ప్రచారం చేసుకోవచ్చు. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో గడియారాలన్నీ ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో సరిచూసుకోమనీ, లాగ్‌లు 180 రోజులు భద్రపరచమనీ ఉన్నమాట నిజమే. భద్రపరచమన్నారు గానీ అర్థమయ్యేలా రాయమనలేదు కదా.

ఒకే రాత్రి పది ఆర్డర్లొస్తే పదింటి వరుసలూ ఒకదాన్లో ఒకటి కలిసిపోనివ్వండి. ఏ కాల్ ఏ ఆర్డరుదో, ఏ కాల్ వల్ల ఏ కాల్ పుట్టిందో తెలిపే గుర్తు వేయకండి. ఈ పనికి ఓపెన్‌టెలిమెట్రీ అని 2019లో రెండు పాత ప్రాజెక్టులు కలిసి ఏర్పడిన ఉచిత ప్రమాణం ఉంది, ఏజెంట్ల టూల్ కాల్స్‌కి కూడా అందులో పద్ధతులు రాస్తున్నారు. ఉచితంగా వచ్చేదానికి మన దగ్గర విలువ లేదు. సొంతంగా ఒకటి కనిపెట్టండి. కనిపెట్టినవాడు ఉద్యోగం మారేటప్పుడు వివరాలు తన వెంట తీసుకుపోతాడు.

ఇన్ని కోతలు కోశాం గనుక ఒకటి మాత్రం ధారాళంగా, పూర్తిగా రాయండి: రహస్యాలు. పాస్‌వర్డులు, ఏపీఐ తాళాలు, కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఒక్క అంకె పోకుండా. వాటిని రాసేముందే చుక్కలుగా మార్చే పద్ధతి ఉందిలెండి, మనకొద్దు. ఎప్పుడో ఒకరోజు ఎవరో 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం గుర్తుచేస్తారు. అప్పుడు భయపడి మొత్తం లాగ్‌ని ఒక్క దెబ్బతో చెరిపేయొచ్చు. చట్టాన్ని గౌరవించినట్టూ ఉంటుంది, సాక్ష్యం పోయినట్టూ ఉంటుంది.

పెద్ద పనుల దగ్గర ఏజెంటు ఆగి మనిషిని అడుగుతుంది. సరే అన్న బటన్ ఎవరు నొక్కారో, నొక్కినప్పుడు తెర మీద వాళ్లకి ఏం కనిపించిందో రాయడం ఆఫీసులో అందరి మనశ్శాంతికీ ముప్పు. కంప్యూటర్ వద్దన్నా మనిషి సరే అన్న కథ ఒకటి ఆ దీవిలోనే ఉంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. చివరి నిమిషాల్లో కంప్యూటర్ వద్దని ఆపింది. నిపుణులు ఫరవాలేదన్నారు, తాను ముందుకే వెళ్లమన్నానని మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలామే తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. మూసుకోవాల్సిన వాల్వు మూసుకోక రెండో దశని అదుపు చేసే నైట్రిక్ ఆమ్లం కారిపోయింది. 317 సెకన్లకి రాకెట్టు బంగాళాఖాతం పాలైంది. ఆ రోజు విలేకరుల ముందుకి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ తనే వెళ్లి బాధ్యతంతా నెత్తినేసుకున్నారు. మరుసటి ఏడాది జూలై 18న గెలిచినప్పుడు మాత్రం నువ్వెళ్లి మాట్లాడు అని కలాంని పంపారు. దీవిలోని ఆ కేంద్రానికి ఇప్పుడున్నది ధవన్ పేరే.

మీ పైవాడు అలాంటివాడైతే బటన్ ఎవరు నొక్కారో పేరుతో సహా రాసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కాడు కదా. తప్పు దొరకగానే మనిషిని వెతికే ఆఫీసులో వివరంగా లాగ్ రాయడమంటే మన మెడకి మనమే తాడు పేనుకోవడం. అక్కడ పనిచేసే కుర్రాళ్లకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. నాలుగు నెలలకే వాళ్ల లాగ్‌లన్నీ "సక్సెస్, సక్సెస్" అని పచ్చగా మెరుస్తుంటాయి. పైవాళ్లు ఆ డాష్‌బోర్డు చూసి మురిసిపోతారు. నా చిట్కాలకి అసలు గిరాకీ అలాంటి చోటే.

అంతా రాసిపెట్టుకుంటే ఏమవుతుందో పళవేర్కాడులోనే ఇంకో సాక్ష్యం ఉంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టి, ఎన్నో ఏళ్లపాటు కోరమాండల్ వ్యాపారమంతా ఇక్కణ్ణుంచే నడిపింది. బట్టలు కొన్నారు, తుపాకీమందు తయారు చేశారు. ఏ రోజు ఏ ఓడ వచ్చింది, ఏ సరుకెక్కింది, ఎవరికి ఎంతిచ్చారు అన్నీ రాసి, నకళ్లు తీసి బటావియాకి పంపారు. ఈ తీరం నుంచి బానిసలుగా ఓడలెక్కించిన మనుషుల లెక్క కూడా సరుకుల లెక్క రాసిన చేతితోనే రాశారు. కంపెనీ 1799తో కాలం చేసింది. కోట శిథిలమైంది, పుర్రెలూ అస్థిపంజరాలూ చెక్కిన సమాధిరాళ్లు మిగిలాయి. కాగితాలు మాత్రం హేగ్‌లో, జకార్తాలో, మన చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి, 2003లో యునెస్కో వాటిని ప్రపంచ జ్ఞాపకాల పట్టికలో చేర్చింది. ఇవాళ చరిత్రకారులు ఆ కంపెనీని దాని చేతిరాతతోనే దోషిగా నిలబెడుతున్నారు. రాయకుండా ఉంటే ఎంత గౌరవంగా పోయేవాళ్లు!

ఇక డీబగ్ చేసే రోజు. జరిగినదాన్ని మళ్లీ నడిపించి చూడమంటారు ఎవరో. నడిపించండి, అయితే అసలు టూళ్లతోనే నడిపించండి. మూడో వ్యాను వస్తుంది. తప్పు జరిగిన రాత్రి దాచిన జవాబుల్నే టూళ్లకి బదులు అందిస్తూ నడిపిస్తే బండీ కదలదు, డబ్బూ పోదు, ఏజెంటు ఏ మలుపులో దారి తప్పిందో ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. కానీ అలా చూడాలంటే జవాబులు పూర్తిగా ఉండాలి, మనం వాటిని 200 దగ్గర కోసేశాం. మోడల్ ఏ వెర్షనో, ప్రాంప్ట్ ఏ తేదీదో కూడా రాసి ఉండాలి. మనం అవీ రాయలేదు. ఆ ప్రాంప్ట్‌ని అప్పట్నుంచి ఎవరెవరో దిద్దారు. కాబట్టి ఏజెంటు ఈసారి బుద్ధిగా ఒకే బండి బుక్ చేస్తుంది. "మా దగ్గర బాగానే పనిచేస్తోందండీ" అని రాసి ఫిర్యాదు మూసెయ్యొచ్చు.

దీవివాళ్లు మాత్రం అలా మూసెయ్యలేదు. 1993 సెప్టెంబరు 20న పీఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగం విఫలమైంది. అదుపు చేసే ఆజ్ఞ విలువ గరిష్ఠ పరిమితి దాటినప్పుడు మాత్రమే తలెత్తే సాఫ్ట్‌వేర్ తప్పు ఒకటి అందులో ఉందని తేలింది. నేల మీద చేసిన పరీక్షలన్నిటినీ అది తప్పించుకుంది. ఎగిరిన ఆ ఒక్కసారి బయటపడింది, బయటపడిన క్షణం రికార్డయి ఉంది. ఆ తప్పు దిద్దుకుని 1994 అక్టోబరు 15న రెండోసారి ఎగరేశారు, ఉపగ్రహం కక్ష్యలో చేరింది. మీ ఏజెంటు మొదటి తప్పునే మళ్లీ మళ్లీ చేస్తూ ఉండాలనుకుంటే, పైన చెప్పినవన్నీ తుచ తప్పకుండా పాటించండి.